అడవి అందరిదీ, నష్టం మాత్రం అంచున ఉన్నవాళ్లది

కోతకు వారం రోజులుందనగా మొక్కజొన్న చేనులో ఏనుగులు పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో ఆ చేను వేసినవాళ్లకే తెలుసు. ఎదిగిన ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుంది. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ ఉంటుంది. అందుకే పంట చేతికొచ్చే రోజుల్లో అడవి అంచు పల్లెల్లో మనుషులు రాత్రంతా మేలుకుని ఉంటారు. మంచె మీద ఒకరు, మంట దగ్గర ఒకరు, రేకు డబ్బా వాయిస్తూ ఇంకొకరు. పగలు కూలికి వెళ్లే ఓపిక ఉండదు. పెద్దవాళ్లు కాపలాకు పోతే ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవడానికి పెద్దపిల్లలు బడి మానేస్తారు. ఆరుబయట దోమల్లో గడిపిన రాత్రులకు జ్వరాలు తోడవుతాయి. నష్టపరిహారం ఫారంలో పోయిన పంటకు ఒక గడి ఉంటుంది. పోయిన నిద్రకు, పోయిన కూలికి, పోయిన చదువుకు గడి ఉండదు.

అదే ఏనుగును వేల మైళ్ల దూరంలో టీవీలో చూసి ఒక కుటుంబం మురిసిపోతుంది. ఆ మురిపెం కూడా నిజమైనదే, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఏనుగు బతికుంటే ప్రపంచానికంతటికీ మేలే. ఎంతో దూరం విత్తనాలు మోసి అడవిని నాటేది అదే. అయితే మేలు పలచగా, కోట్లమందికి తలా కొంచెం పంచుకుపోతుంది. కీడు మాత్రం చిక్కగా వచ్చి కొన్ని వందల ఇళ్ల మీద పడుతుంది. వన్యప్రాణి సంరక్షణలో ఎక్కడ తెగని పేచీ కనిపించినా, దాని అడుగున సాధారణంగా ఈ లెక్కే ఉంటుంది. ‘ప్రకృతి కావాలా, మనుషులు కావాలా’ అని అడిగితే చర్చ ఎటూ తేలదు. ‘లాభం ఎవరికి చేరుతోంది, ఖర్చు ఎవరు భరిస్తున్నారు’ అని అడిగితే దారి కనిపించడం మొదలవుతుంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ప్రకృతిని కాపాడటమంటే మనిషి అవసరాలు కొన్ని వదులుకుని జంతువులకు దానం చేయడమని చాలామంది అనుకుంటారు. దక్షిణాసియా రాబందుల కథ దీనికి గట్టి జవాబు.

1990ల మొదట్లో భారత్, పాకిస్తాన్, నేపాల్ ఆకాశంలో రాబందులు కోట్లలో ఉండేవి. చచ్చిన పశువును ఊరి బయట పడేస్తే గంట తిరక్కుండా ఎముకలు మిగిల్చేవి. పదిహేనేళ్లలో అవి మాయమయ్యాయి. తెల్లవీపు రాబందు సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో అసలు కారణం బయటపడింది: పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే చవక మందు. ఆ మందు వేసిన కొద్ది రోజుల్లోనే చచ్చిన పశువును రాబందు తింటే దాని మూత్రపిండాలు చెడిపోతాయి. యూరిక్ ఆమ్లం తెల్లటి పొడిలా లోపలి అవయవాల మీద పేరుకుంటుంది. మెడ వాల్చి కొమ్మ మీద కూర్చున్న పక్షి అలాగే రాలిపోతుంది. నూటికి ఒక కళేబరంలో కూడా మందు ఉండనక్కర్లేదు, అంతకంటే తక్కువైనా ఆ జాతి పతనానికి చాలునని లెక్కల్లో తేలింది. ఒక కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఆ నష్టాన్ని పూడ్చుకోలేదు.

రాబందులు పోయాక కళేబరాలు కుళ్లాయి. వీధికుక్కలు పెరిగాయి, రేబిస్ భయం పెరిగింది, నీళ్లు చెడ్డాయి. రాబందులు ఒకప్పుడు ఎక్కువగా ఉన్న జిల్లాలను, ముందునుంచీ లేని జిల్లాలను పోల్చి ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2024లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వచ్చింది. 2000 నుంచి 2005 వరకు భారతదేశంలో దాదాపు 5 లక్షల అదనపు మరణాలకు రాబందులు లేకపోవడం కారణమని వాళ్ల అంచనా. ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎవరి బడ్జెట్‌లోనూ లేకుండా ఆ పక్షులు చేసిన పారిశుద్ధ్యం పని ఎంతటిదో అవి పోయాక గానీ తెలియలేదు.

ఇందులో గమనించాల్సిన రెండో సంగతి మరీ ముఖ్యం. రైతు అవసరం నిజమైనది. నొప్పితో కుంటే ఎద్దుకు మందు వేయొద్దని ఎవరంటారు? పరిష్కారం ఆ అవసరాన్ని కాదనకుండానే దొరికింది. మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందు పశువుకు పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదు. దాన్ని పరీక్షించి తేల్చిన 2006లోనే పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ఈ దేశాలు నిషేధించాయి. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతూనే వచ్చాయి. 2015లో భారత్ ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించాక గానీ ఆ కన్నం కొంత పూడలేదు. ఎద్దుకు ఒక డోసు వేయాలంటే బోలెడు చిన్న సీసాలు విప్పాలి కదా, ఆ చిరాకే పనిచేసింది. చట్టంలో నిషేధం అన్న మాటకంటే సీసా సైజు లాంటి చిన్న విషయాలు ఒక్కోసారి ఎక్కువ పని చేస్తాయి.

ప్రకృతి మీద నేరుగా బతికేవాళ్లు దాన్ని వాళ్లంతట వాళ్లే కాపాడుకుంటారా? అలా అనుకోవడానికీ లేదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప దాదాపు ఐదు వందల ఏళ్లు పల్లెల్ని పోషించింది. ట్రాలర్లు అనే పెద్ద యాంత్రిక వేట ఓడలు వచ్చాక పట్టుబడి ఒక్కసారిగా పెరిగి, తర్వాత కుప్పకూలింది. 1992 జులైలో వేట ఆపేశారు. ఒక్క నిర్ణయంతో 30 వేల మందికి పైగా ఉపాధి పోయింది. రెండేళ్లకని చెప్పిన ఆ నిషేధం 2024 దాకా సాగింది. తీరపు మత్స్యకారులు తమ వలల్లో చేప పరిమాణం తగ్గుతోందని ముందే మొత్తుకున్నారు. లోతు సముద్రంలో ట్రాలర్ల పట్టుబడి చూసి లెక్కలు వేసినవాళ్లు వినలేదు.

ఉమ్మడి ఆస్తి ఎప్పటికైనా పాడవక తప్పదని అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో రాసిన వ్యాసం చాలాకాలం వేదంలా చలామణి అయింది. ఎవరికి వాళ్లు ఇంకో ఆవును మేతకు తోలుతారు, చివరికి బీడు మిగులుతుంది అన్నది ఆ వాదన. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ దాన్ని పుస్తకాల్లో కాకుండా ఊళ్లలో పరీక్షించింది. ఆమె చూపిన ఉదాహరణల్లో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండ పల్లె ఒకటి. 1517 నాటి అక్కడి నియమం చాలా సాదాగా ఉంటుంది: చలికాలమంతా తన ఇంటి మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలడో అంతకు మించి ఎవరూ వేసవిలో ఉమ్మడి బయలుకు తోలకూడదు. లెక్క ఎవరైనా వేయవచ్చు, దొంగతనం ఊరందరికీ కనపడుతుంది, తప్పుకు జరిమానా ఉంది. అలా వందల ఏళ్లు ఆ బయలు పచ్చగానే ఉంది. ఈ పరిశోధనకే ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. హార్డిన్ వర్ణించింది నిజానికి ఉమ్మడి ఆస్తిని కాదు, అడిగే దిక్కులేని ఆస్తిని. న్యూఫౌండ్‌లాండ్ సముద్రానికి పట్టిన గతి అదే: వాడుకునేవాళ్లు ఒకరు, నియమాలు రాసేవాళ్లు ఇంకెవరో.

సంరక్షణ పేరుతో జరిగిన మొదటి తప్పూ ఇలాంటిదే. 1872లో అమెరికాలో యెల్లోస్టోన్‌ను ప్రపంచంలో మొదటి జాతీయ పార్కుగా ప్రకటించారు. అక్కడ తరతరాలుగా బతికిన షోషోన్ తదితర ఆదివాసులను బయటికి పంపి, దాన్ని మనిషి తాకని అడవిగా చూపించారు. ఆ నమూనా ప్రపంచమంతా పాకింది. 1959లో తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి పార్కు కోసం మసాయి పశుపోషకులను ఖాళీ చేయించారు. వాళ్ల పశువుల మధ్యే కదా జీబ్రాలు, జింకలు అన్నేళ్లు బతికింది! ఇవాళ భూమ్మీద కనీసం నాలుగో వంతు నేలను ఆదివాసులు సొంతదారులుగానో, సంరక్షకులుగానో చూసుకుంటున్నారు. రక్షిత ప్రాంతాల్లో దాదాపు 40 శాతం వాళ్ల భూముల్లోనే ఉంది. అడవి మిగిలి ఉన్నది వాళ్లు ఉన్నచోటే అయినప్పుడు, వాళ్లను అడవికి శత్రువులుగా చూడటం అన్యాయమే కాదు, అడవికీ చేటు.

నమీబియా ఈ తప్పును సరిదిద్దిన తీరు నేర్చుకోదగ్గది. స్వాతంత్ర్యానికి ముందు అక్కడ తెల్లజాతి భూస్వాములకు తమ పొలాల్లోని వన్యప్రాణుల మీద హక్కులుండేవి. ఉమ్మడి భూముల్లో బతికే నల్లజాతి పల్లెలకు లేవు. వాళ్లు జింకను కొడితే వేట అనేవారు కాదు, దొంగతనం అనేవారు. 1996 చట్టం ఆ హక్కుల్ని పల్లెలకూ ఇచ్చింది. ఊళ్లు కలిసి ‘కన్సర్వెన్సీ’గా నమోదవుతాయి, హద్దులు గీసుకుంటాయి, కమిటీ ఎన్నుకుంటాయి, పర్యాటకం మీదా పరిమిత వేట మీదా వచ్చే ఆదాయం తీసుకుంటాయి. 1998లో నాలుగింటితో మొదలై ఇప్పుడు 80 దాటాయి. దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు వాటి కిందే ఉంది. ఊరి గార్డులు తమ మందల మధ్య తిరుగుతూనే ఖడ్గమృగాల అడుగుజాడలు నోట్ చేస్తారు. అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. డబ్బు కమిటీల దగ్గరే ఆగిపోతోందన్న ఫిర్యాదులున్నాయి, వేట ఆదాయం మీద ప్రపంచమంతా వాదన నడుస్తోంది. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగగానే ఆదాయం ఎండిపోయింది. పర్యాటకం ఒక్కదాని మీద అడవిని నిలబెట్టడం ఒంటి గుంజ మీద పందిరి వేయడమేనని ఆ ఏడాది రుజువైంది.

అధికారం, ప్రత్యామ్నాయం రెండూ లేకుండా నిషేధం మాత్రమే వస్తే ఏమవుతుందో చూడాలంటే మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖకు వెళ్లాలి. ఒకే సముద్రంలో రెండు కథలు. దక్షిణ కొసన ఉన్న కాబో పుల్మో పల్లెలో చేపలు తగ్గిపోతున్నాయని గుర్తించిన మత్స్యకార కుటుంబాలే రక్షిత ప్రాంతం కావాలని అడిగాయి. 1995లో పార్కు వచ్చింది. వేట మానేసినవాళ్లు డైవింగ్ పడవలు నడిపారు, కాపలా కూడా తామే కాశారు. 1999 నుంచి 2009 లోపు అక్కడి చేపల మొత్తం బరువు ఐదు రెట్లు దాటింది. అదే సింధుశాఖ ఉత్తర కొసన వాకిటా అనే చిన్న సముద్రజీవి ఉంది, డాల్ఫిన్‌కు దాయాది లాంటిది. చేపల కోసం వేసే గిల్ వలల్లో చిక్కి ఊపిరాడక చస్తుంది. 1997లో 567 ఉన్నాయని అంచనా వేశారు. 2015లో అత్యవసరంగా గిల్ వలలు నిషేధించారు. పరిహారం ఎక్కువగా పడవల పర్మిట్లు ఉన్నవాళ్లకు పోయింది, పడవలో కూలికి వెళ్లేవాళ్లకు దక్కింది తక్కువ. వేరే రకం వలలు సమయానికి అందలేదు. మరోవైపు టొటోబా అనే చేప గాలితిత్తికి దొంగ మార్కెట్‌లో విపరీతమైన ధర పలుకుతోంది. వలలు రాత్రిళ్లు పడుతూనే వచ్చాయి. ఇప్పుడు వాకిటాలు పదీ పన్నెండుకు మించి లేవు.

దూరంగా ఉండి లాభపడేవాళ్ల చేత ఖర్చు పెట్టించడం కుదిరే పనేనా? న్యూయార్క్ నగరం చేసి చూపించింది. ఆ నగరపు తాగునీటిలో ఎక్కువ భాగం క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండల నుంచి వస్తుంది. 1990ల్లో నీటి నాణ్యత నిబంధనలు కఠినం కావడంతో శుద్ధి కర్మాగారం కట్టాల్సి వచ్చింది. అంచనా వ్యయం 600 కోట్ల డాలర్లకు పైమాటే. దాని బదులు 1997లో కొండ ప్రాంత గ్రామాలతో ఒప్పందం చేసుకున్నారు. ఆవులు వాగులో దిగకుండా కంచెలు, పాడైన సెప్టిక్ ట్యాంకుల మరమ్మతు, అమ్మదలచుకున్నవాళ్ల నుంచి అడవి భూమి కొనుగోలు, వీటన్నిటి ఖర్చూ నగరమే పెట్టింది. కర్మాగారానికి అయ్యే దానిలో చిన్న వంతుతోనే నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. కొండ మీది పాడిరైతుకు వాగును కాపాడటం ఇప్పుడు త్యాగం కాదు, ఆదాయం ఉన్న పని.

కోస్టారికా ఇదే సూత్రాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. పశువుల పచ్చికబయళ్ల కోసం నరికేయగా 1980ల నాటికి అక్కడ అడవి దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. 1996 చట్టం అడవి నరికివేతను నిషేధించింది. ఆ మరుసటి ఏడాది నుంచి, ఇంధనం మీద వేసిన పన్నుతో, అడవిని నిలబెట్టిన భూయజమానులకు డబ్బు చెల్లించడం మొదలైంది. ఇప్పుడు అడవి సగానికి పైగా ఉంది. ఘనతంతా ఆ పథకానిదే అనలేం, మాంసం ధరలు పడిపోవడమూ కలిసొచ్చింది. తొలినాళ్లలో పెద్ద భూస్వాములే ఎక్కువ లాభపడ్డారన్న విమర్శలోనూ నిజముంది. పత్రాలు సరిగ్గా లేని చిన్నరైతు ఇలాంటి ఏ పథకంలోనైనా చివర్లో నిలబడతాడు.

అడవి అంచు మనిషిని ఎంత సముదాయించినా, అసలు ఒత్తిడి వచ్చేది దూరపు వంటింటి నుంచే. మనిషి నివసించదగ్గ నేలలో దాదాపు సగం వ్యవసాయానికే పోయింది. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా పశువుల మేతకూ దాణా పంటలకూ వాడుతున్నారు. ఆ నేల నుంచి మనుషులకు అందే కెలోరీలు ఐదో వంతు కూడా లేవు. పండినదాంట్లో మూడో వంతు తినేలోపే వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2011లో అంచనా కట్టింది. సుమారు 10 లక్షల జాతుల మొక్కలు, జంతువులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2019లో ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య సంస్థ నివేదిక చెప్పింది. నేల మీద ఈ నష్టానికి అన్నిటికంటే పెద్ద కారణం భూమి వాడకంలో మార్పు అని కూడా చెప్పింది. ఉన్న పొలంలోనే ఎక్కువ పండించి అడవిని వదిలేయాలా, పొలాల్లోనే పక్షులకూ పురుగులకూ చోటివ్వాలా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇరవై ఏళ్లుగా సాగుతోంది. దిగుబడి పెరిగితే అడవి దానంతటదే మిగలదు. లాభం చూసి ఇంకా నరికేవాళ్లుంటారు. దిగుబడి పెంపునూ అడవి రక్షణనూ ఒకే ఒప్పందంలో కట్టినప్పుడే అది పనిచేస్తుంది.

మళ్లీ ఏనుగు దగ్గరికి వద్దాం. కెన్యాలో జంతు శాస్త్రవేత్త లూసీ కింగ్ రైతులతో కలిసి తయారుచేసిన కంచెలో కరెంటు లేదు, గోడ లేదు. పది మీటర్లకొకటి చొప్పున తేనెటీగల పెట్టెలు వేలాడతాయి. కొన్ని నిజమైనవి, కొన్ని ఉత్తుత్తివి. అన్నింటినీ కలుపుతూ ఒక తీగ. చీకట్లో ఏనుగు తీగను తగిలిందంటే పెట్టెలు ఊగుతాయి, ఈగలు లేస్తాయి. అంత మందపాటి చర్మమున్నా కళ్ల చుట్టూ, తొండం లోపల కుడితే ఏనుగు తట్టుకోలేదు. తొమ్మిదేళ్ల పరిశీలనలో ఈ పొలాల దాకా వచ్చిన ఏనుగుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు వెనక్కి తిరిగాయి. పైగా తేనె రైతుదే. కరువొస్తే పువ్వులుండవు, ఈగలు పెట్టెలు వదిలి పోతాయి, కంచె బలహీనపడుతుంది. ఏనుగులు ఎక్కువ ఆకలితో వచ్చేదీ అప్పుడే. అందుకే ఇదొక్కటే చాలదు.

రోడ్డు కూడా మనిషి అవసరమే. కెనడాలోని బాన్ఫ్ పార్కు మధ్య నుంచి పోయే జాతీయ రహదారికి ఇరువైపులా కంచె కట్టి, చెట్లు నాటిన వంతెనలు ఆరు, కింది దారులు 38 నిర్మించారు. జంతువులు వాహనాలకు గుద్దుకోవడం 80 శాతానికి పైగా తగ్గింది. గ్రిజ్లీ ఎలుగులు కొత్త వంతెనలను నమ్మడానికి ఐదేళ్ల దాకా పట్టింది. మొదటి రెండేళ్లు చూసి డబ్బు దండగ అని తేల్చేసి ఉంటే ఆ ఫలితం ఎవరికీ తెలిసేది కాదు.

2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు 2030 నాటికి 30 శాతం నేలను, 30 శాతం సముద్రాన్ని సంరక్షించాలని ఒప్పుకున్నాయి. అప్పటికి నేలలో సుమారు 17 శాతం, సముద్రంలో 8 శాతం మాత్రమే రక్షణలో ఉంది. ఇక కలపాల్సిన నేల ఖాళీగా లేదు, అక్కడ మనుషులున్నారు. ఆదివాసుల, స్థానికుల హక్కులను గౌరవించాలన్న మాట ఆ ఒప్పందంలోనే ఉంది. అది మ్యాపులు గీసేవాళ్ల గది దాకా వెళ్తుందా అన్నదే ఇప్పటి టెన్షన్.

నేపాల్‌ను చూస్తే ఆశా భయమూ రెండూ కలుగుతాయి. అడవుల్ని ఊరి సంఘాలకు అప్పగించిన ఆ దేశంలో ఇప్పుడు అలాంటి సంఘాలు 22 వేలకు పైగా ఉన్నాయి. 1992లో 26 శాతం ఉన్న అడవి 2016కల్లా 45 శాతానికి పెరిగింది. పార్కుల ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టూ ఉన్న ఊళ్లకే వెళ్తుంది. 2009లో 121 ఉన్న పులులు 2022లో 355 అయ్యాయి. దాంతోపాటే పులి దాడులూ పెరిగాయి. చనిపోతున్నవాళ్లలో చాలామంది గడ్డికీ కట్టెలకీ అడవిలోకి వెళ్లినవాళ్లు. బయోగ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో కట్టెల పని తగ్గుతుంది. గట్టి దొడ్డి ఉన్న ఇంట్లో మేక దక్కుతుంది. గడ్డికి మాత్రం ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. పులుల లెక్క ప్రకటించే రోజునే, ఎన్ని ఇళ్లకు ఆ పొయ్యి చేరింది, దాడి జరిగాక ఎన్ని రోజులకు కుటుంబం చేతికి పరిహారం అందింది అన్న లెక్క కూడా పక్కనే చదవాలి.